షాంఘైలో నాలుగు రోజులు: గుంపులో పడకుండా స్టైల్‌గా ఎలా తిరగాలి?

కృష్ణలంక పిల్ల | అక్టోబర్ 19, రాత్రి 9:40

అందరికీ నమస్తే. నవంబర్ చివరి వారంలో షాంఘై వెళ్తున్నాం. మావారికి పగలంతా ఆఫీసు మీటింగులు, కాబట్టి సాయంత్రం దాకా నేనొక్కదాన్నే. నాలుగు రోజులు చేతిలో ఉన్నాయి.

వీడియోలు చూస్తే అందరిదీ ఒకటే టవరు, అవే లైట్లు. జెండా పట్టుకున్న గైడు వెనక పరుగెత్తడం నా వల్ల కాదు. మంచి బట్టలు వేసుకుని, మంచి చోట కూర్చుని, ఆ ఊరివాళ్ళలా నింపాదిగా తిరగాలని ఉంది. అలాగని డబ్బు మంచినీళ్ళలా ఖర్చు పెట్టే స్తోమత లేదు.

ఇంకో కోరిక. నా దగ్గర మూడు మీటర్ల పోచంపల్లి ఇకత్ సిల్కు ఉంది. దాంతో అక్కడ చీపావ్ కుట్టించుకోవాలని. మన టైలర్లు చైనా కాలర్ అంటారు చూడండి, అలాంటి కాలరుండే చైనా ఆడవాళ్ళ గౌను అది. ఇది పిచ్చి ఆలోచనా?

నిజాంపేట్ నైట్‌షిఫ్ట్ | అక్టోబర్ 19, రాత్రి 11:15

పోయినేడు వెళ్ళొచ్చాను. ఎయిర్‌పోర్ట్ నుంచి మాగ్లెవ్ ఎక్కండి. పట్టాలకు తగలకుండా తేలుతూ పోయే రైలు, 30 కిలోమీటర్లు ఎనిమిది నిమిషాల్లో. ఒకప్పుడు 431 స్పీడు, ఇప్పుడు 300 దగ్గర ఆపేశారు. టికెట్ 50 యువాన్లు, అదే రోజు విమానం టికెట్ చూపిస్తే 40. తర్వాత షాంఘై టవర్. 632 మీటర్లు, 128 అంతస్తులు. రాత్రి నది ఒడ్డున బండ్ వైపు ఏదైనా రూఫ్‌టాప్ బార్. స్టైల్ అంటే అదీ.

సుజౌ డాక్టరు | అక్టోబర్ 20, ఉదయం 6:50

నైట్‌షిఫ్ట్ బ్రో, ఆవిడ వద్దన్నదే మీరు వరసగా రాశారు :)

నేను ఎంబీబీఎస్ సుజౌలో చదివాను. అక్కణ్ణుంచి షాంఘైకి బుల్లెట్ రైల్లో అరగంట. సెలవు దొరికితే అక్కడే ఉండేవాణ్ణి, జేబులో మాత్రం ఏమీ ఉండేది కాదు. అందుకని ఆ ఊరిని డబ్బు లేకుండా చూడటం బాగా తెలుసు.

అక్కా, మీరు పొద్దున్నే ఫూషింగ్ పార్కుకి వెళ్ళండి. అరవై, డెబ్బై ఏళ్ళ పెద్దవాళ్ళు జంటలుగా బాల్‌రూమ్ డ్యాన్స్ చేస్తుంటారు. ఇస్త్రీ నలగని ప్యాంటు, పాలిష్ పెట్టిన బూటు. ఒక తాత నన్ను చూసి, అంటే నా చెప్పులు చూసి, తల అడ్డంగా ఊపాడు. ఆ ఊరి స్టైలు ఏమిటో నాకు ఆ రోజు అర్థమైంది.

అక్కణ్ణుంచి నడకే. ఆ చుట్టుపక్కలంతా 1849 నుంచి 1943 దాకా ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉన్న పేట. రెండు వైపులా ప్లేన్ చెట్లు (కాశ్మీర్ చినార్ జాతి), మధ్యలో సన్నటి రోడ్లు. జనం ఆ చెట్లని ఫ్రెంచి వూతోంగ్ అంటారు. మీరు వెళ్ళే రోజుల్లో ఆకులు పండి రాలుతుంటాయి. కొన్ని రోడ్లలో ఆ రాలిన ఆకుల్ని ఊడ్వకుండా వదిలెయ్యాలని కార్పొరేషనే నిర్ణయించింది, జనం తొక్కుకుంటూ నడవడానికి! మన దగ్గర ఊడ్వకపోతే దానికి వేరే పేరుంది.

సాయంత్రం బండ్. స్థానికులు వైతాన్ అంటారు. నదికి ఇవతల నూరేళ్ళ నాటి రాతి బిల్డింగులు, అవతల పుడోంగ్ టవర్లు. అందరూ ఒడ్డున నిలబడి చూస్తారు. మీరు మాత్రం నది దాటే మామూలు ఫెర్రీ ఎక్కండి. టికెట్ 2 యువాన్లు, అంటే మన పాతిక రూపాయలు, అటూ ఇటుగా. స్కూటర్లు తోసుకుంటూ ఆఫీసుల నుంచి ఇళ్ళకు పోయేవాళ్ళ మధ్య నిలబడితే రెండు ఒడ్లూ ఒకేసారి వెలుగుతూ కనిపిస్తాయి. టూరిస్టు క్రూజ్ బోటు అవసరమే లేదు. ఒక్కటి గుర్తు పెట్టుకోండి: రాత్రి పది దాటితే లైట్లు ఆర్పేస్తారు. భోంచేసి తీరిగ్గా వెళ్దామనుకుంటే చీకటే.

నిజాంపేట్ నైట్‌షిఫ్ట్ | అక్టోబర్ 20, ఉదయం 9:05

రెండు యువాన్ల పడవ స్టైలా డాక్టర్ బాబూ? సరే, మీ ఇష్టం.

రాయీ రప్పా | అక్టోబర్ 20, మధ్యాహ్నం 1:30

ఆర్కిటెక్టుని, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, తిట్టుకోకండి.

బండ్ మీద నడిచేటప్పుడు 12వ నంబరు బిల్డింగు లోపలికి వెళ్ళండి. 1923లో హాంకాంగ్ షాంఘై బ్యాంకు కట్టింది, ఇప్పుడు వేరే బ్యాంకు ఉంది. గుమ్మం దాటగానే తల పైకెత్తాలి. ఎనిమిది పలకల గోపురం, పలకకో నగరం చొప్పున మొజాయిక్ బొమ్మలు: లండన్, పారిస్, న్యూయార్క్, టోక్యో, బ్యాంకాక్, హాంకాంగ్, షాంఘై, ఎనిమిదోది మన కలకత్తా. బ్యాంకు పని వేళల్లో వెళ్తే చాలు, టికెట్ లేదు.

కలకత్తా అక్కడెందుకుంది అంటే, అవన్నీ ఆ బ్యాంకు శాఖలున్న ఊళ్ళు. అసలు ఆ ఒడ్డు మీది డబ్బులో కొంత మన దేశం మీదుగానే వచ్చింది. ఆకుపచ్చ పిరమిడ్ కప్పున్న పీస్ హోటల్ ఉంది కదా, దాన్ని 1929లో కేథే హోటల్ పేరుతో కట్టించింది విక్టర్ ససూన్. బాగ్దాదు నుంచి బొంబాయి వచ్చి స్థిరపడిన యూదు కుటుంబం. ముంబైలో చేపలు దిగే ససూన్ డాక్ ఆ కుటుంబం కట్టించిందే. పత్తితో పాటు మన నల్లమందు చైనాకు అమ్మి పైకొచ్చినవాళ్ళు. ఆ లాబీలో పాలరాయి మెరుస్తుంటే నాకు ఆ నల్లమందే గుర్తొచ్చింది. అయినా హోటలు అందంగా ఉంటుంది, ఏం చేస్తాం.

అదే హోటల్లో రాత్రిపూట ముసలివాళ్ళ జాజ్ బ్యాండ్ వాయిస్తుంది. 1980 నుంచీ ఉంది. కనీస బిల్లు ఎంతో కూర్చోకముందే అడగండి.

ఇక వూకాంగ్ రోడ్డు మూల మీద ఓడ ముక్కులా పొడుచుకొచ్చిన వూకాంగ్ మాన్షన్. 1924. గీసింది హూడెక్ అనే హంగేరీ ఆయన. మొదటి ప్రపంచ యుద్ధంలో రష్యావాళ్ళకు ఖైదీగా చిక్కి, తప్పించుకుని 1918లో షాంఘై చేరాడు. చేతిలో ఏమీ లేకుండా వచ్చినవాడు ఆ ఊరికి ముఖమే మార్చేశాడు. పీపుల్స్ స్క్వేర్ ఎదురుగా ఉన్న 1934 నాటి పార్క్ హోటల్ కూడా ఆయనదే.

సుజౌ డాక్టరు | అక్టోబర్ 20, మధ్యాహ్నం 2:10

వూకాంగ్ మాన్షన్ దగ్గర జాగ్రత్త సార్. ఎదురు ఫుట్‌పాత్ మీద ఫోటోల కోసం జాతరలా ఉంటుంది, పోలీసు ఈల వేస్తూనే ఉంటాడు. పొద్దున ఎనిమిదికల్లా వెళ్తే సరి. మధ్యాహ్నమైతే పక్కనే అన్‌ఫూ రోడ్డు. ఫ్యాషన్ పిల్లలు అటూ ఇటూ నడుస్తుంటారు, కెమెరా అంకుల్స్ వాళ్ళ వెంట పడుతుంటారు. కాఫీ షాపు బయట కుర్చీలో కూర్చుని చూస్తే అదొక కాలక్షేపం.

పప్పుచారు | అక్టోబర్ 20, సాయంత్రం 5:45

తిండి గురించి ఎవరూ మాట్లాడరేం? మేం శాకాహారులం. పులిహోర పొడి, కందిపొడి మోసుకెళ్ళడం తప్ప గతి లేదా?

సుజౌ డాక్టరు | అక్టోబర్ 20, సాయంత్రం 6:20

ఉంది. నాన్‌జింగ్ వెస్ట్ రోడ్డులో గోంగ్‌దలిన్ అనే శాకాహార హోటలు 1922 నుంచీ నడుస్తోంది. మెనూలో బాతు, చేప అని పేర్లుంటాయి, కంగారు పడకండి, అన్నీ సోయా, గోధుమ, పుట్టగొడుగులే. చైనాలో బౌద్ధుల శాకాహారంలో ఉల్లి, వెల్లుల్లి కూడా నిషిద్ధం, మన మడి వంటలాగే. జేడ్ బుద్ధ గుడి దగ్గర నూడుల్స్ చవగ్గా, బాగుంటాయి.

కౌఫూ అని అడగండి. గోధుమపిండిలో పిండి పదార్థం కడిగేస్తే మిగిలే జిగురు ముద్దని స్పాంజిలా చేసి, సోయా సాస్, చక్కెరతో మగ్గబెడతారు. షాంఘై వంటలో తీపి ఎక్కువ, గోదావరి జిల్లాలవాళ్ళకు నచ్చుతుంది.

మోసం చేసేది షావ్‌లోంగ్‌బావ్. చూడ్డానికి బుల్లి కుడుము, లోపల పంది మాంసం, దాని రసం. మామూలు హోటల్లో కూరగాయల నూడుల్స్ అన్నా పంది రసంలో ఉడికించినవి కావచ్చు. 'నేను శాకాహారిని' అన్న మాట చైనీస్‌లో రాయించి ఫోన్‌లో పెట్టుకోండి. నోటితో అంటే స్వరం తేడా వచ్చి ఇంకేదో తెస్తారు, అనుభవం.

చార్మినార్ చౌరస్తా | అక్టోబర్ 20, రాత్రి 8:00

హలాల్ కావాలంటే లాన్‌జౌ నూడుల్స్ కొట్లు చూడండి, మస్తు ఉన్నాయి. బోర్డు మీద అరబీలో రాసుంటది. కళ్ళముందే పిండి సాగదీసి నూడుల్స్ లాగుతరు. రుమాలీ రోటీ చేసేటోన్ని చూసినట్టే అనిపిస్తది.

కాకినాడ కాజా | అక్టోబర్ 20, రాత్రి 10:30

పప్పు, నూడుల్స్ సరే. నవంబర్‌లో షాంఘై వెళ్ళి పీత తినకుండా వచ్చేవాళ్ళని ఏమనాలి?

హెయిరీ క్రాబ్ అంటారు, కాళ్ళకు నూగు ఉంటుంది. యాంగ్‌చెంగ్ చెరువు పీతకి పెద్ద పేరు. వాళ్ళ సామెత: తొమ్మిదో నెలలో ఆడది, పదో నెలలో మగది. వాళ్ళ చాంద్రమాన నెలలు లెండి, మనకి అక్టోబర్, నవంబర్. కారం లేదు, మసాలా లేదు, ఉత్తి ఆవిరి మీద ఉడికించి అల్లం వేసిన వెనిగర్‌తో ఇస్తారు. మొదట మా ఆవిడ 'ఉప్పు కూడా లేదు' అంది. తర్వాత మాట్లాడలేదు, నోరు ఖాళీ లేదు.

అల్లం ఎందుకని అడిగితే, పీత ఒంటికి చలవ, అల్లం వేడి, రెండూ సరిపోవాలట. మా అమ్మమ్మ చెప్పినట్టే ఉంది. ఒక్క పీత గంట సేపు తినాలి. తొందరపడేవాళ్ళు వెళ్ళకండి.

ప్లానో మామయ్య | అక్టోబర్ 21, ఉదయం 7:15

మాలా అమెరికా పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళకి ఒక మాట. అమెరికా నుంచి షాంఘై మీదుగా ఇండియా వెళ్తుంటే వీసా లేకుండా 240 గంటలు ఉండొచ్చు. వచ్చిన దేశానికే తిరిగి వెళ్తే కుదరదు. ఇండియన్ పాస్‌పోర్ట్‌కి ఈ సదుపాయం లేదు, వీసా తీసుకోవాల్సిందే.

కృష్ణలంక పిల్ల | అక్టోబర్ 21, ఉదయం 10:00

వీసా పని మావారి ఆఫీసు చూసుకుంటోంది. అందరికీ థ్యాంక్స్. కానీ నా చీపావ్ సంగతి ఎవరూ ఎత్తలేదు! డబ్బులు కట్టడం ఎలా, అదీ చెప్పండి. అక్కడ గూగుల్ లేదు, వాట్సాప్ లేదు అంటే టెన్షన్‌గా ఉంది.

నిజాంపేట్ నైట్‌షిఫ్ట్ | అక్టోబర్ 21, ఉదయం 10:40

ఇది నాకు వదిలేయండి. ఇక్కడే అలీపే (వాళ్ళ ఫోన్‌పే లాంటి యాప్) వేసుకుని వీసా లేదా మాస్టర్ కార్డు జత చెయ్యండి. బ్యాంకు యాప్‌లో ఇంటర్నేషనల్ వాడకం ఆన్ చేయడం మరిచిపోవద్దు. 200 యువాన్ల లోపు అదనపు చార్జీ లేదు, దాటితే 3 శాతం. మెట్రో, డీడీ ట్యాక్సీ అన్నీ అందులోనే. మన యూపీఐ మీద ఆశ పెట్టుకోకండి. నెట్ కోసం ఇక్కడి నుంచే రోమింగ్ ప్యాక్ తీసుకుంటే వాట్సాప్ పని చేస్తుంది, హోటల్ వైఫైలో చేయదు.

ఎత్తు నుంచి చూడాలని ఉండి టికెట్ దండగ అనిపిస్తే జిన్ మావో టవర్‌కి వెళ్ళండి. అందులో హోటల్ లాబీ 54వ అంతస్తులో ఉంది. టీ తాగుతూ కిటికీ పక్కన గంట కూర్చోవచ్చు. ఇది స్టైలే కదా డాక్టర్ బాబూ?

సుజౌ డాక్టరు | అక్టోబర్ 21, ఉదయం 11:00

ఇది ఒప్పుకుంటున్నా బ్రో.

సూదీ దారం | అక్టోబర్ 21, మధ్యాహ్నం 3:25

వైజాగ్‌లో బొటిక్ నడుపుతాను. చీపావ్ మీద మోజుతో 2018లో షాంఘై వెళ్ళాను. పిచ్చి ఆలోచన కాదమ్మా, కాకపోతే ఇకత్‌తో కష్టం.

ఎందుకంటే చీపావ్ ముందు భాగం మధ్యలో తెరుచుకోదు. మెడ దగ్గర మొదలై ఏటవాలుగా కుడి చంక కిందకు పోతుంది. ఇకత్‌లో డిజైన్ నూలులోనే ఉంటుంది: నేయకముందే దారాలు కట్టి రంగు ముంచుతారు. ఆ ఏటవాలు కోత దగ్గర రెండు ముక్కల డిజైను కలవకపోతే ముఖం మీద గాటు పడ్డట్టు కనిపిస్తుంది. డిజైను కలపడానికి బట్ట ఎక్కువ పడుతుంది. మూడు మీటర్లు బొటాబొటీ, మోకాలి కిందకు రాకపోవచ్చు.

చాంగ్‌లే రోడ్డులో చీపావ్ కొట్లు వరసగా ఉంటాయి. దిగిన రోజే వెళ్ళి కొలతలివ్వండి. మూడో రోజు ఒకసారి వేసి చూపించమనండి. 'నాలుగు రోజుల్లో ఇవ్వలేం' అని మొహం మీద చెప్పే కొట్టునే నమ్మండి. రేపే ఇస్తా అన్నవాడు మిషన్ మీద పరపరా లాగేస్తాడు. గుండీలు చూడండి. బట్టనే సన్నటి తాడులా చుట్టి ముడేసి చేతితో కుట్టాలి, ఆ పనితోనే కొట్టు సంగతి తెలుస్తుంది. కొలతలిచ్చేటప్పుడు ఊపిరి బిగబట్టకండి. ఆ గౌను వేసుకుని పీత తినాలి మరి.

ఇంకోటి, ఆ కొట్లకు దగ్గర్లోనే మావ్‌మింగ్ రోడ్డు, నాన్‌చాంగ్ రోడ్డు కలిసే చోట రవీంద్రనాథ్ టాగోర్ విగ్రహం ఉంది. 2010లో ప్రతిభా పాటిల్ ఆవిష్కరించారు. టాగోర్ 1924లో ఆ ఊరు వచ్చారు. పరాయి ఊళ్ళో ఆ గడ్డం చూస్తే అదోలా అనిపించింది నాకు.

రాయీ రప్పా | అక్టోబర్ 21, సాయంత్రం 4:50

బొమ్మల మీద ఆసక్తి ఉంటే ఒక మధ్యాహ్నం వెస్ట్ బండ్‌కి ఇవ్వండి. విమానాల ఇంధనం నిలవ చేసిన పాత ట్యాంకులని 2019లో ఆర్ట్ గ్యాలరీ చేశారు. ఇంకొంచెం ఉత్తరాన పాత కరెంటు ఫ్యాక్టరీలో ప్రభుత్వ ఆర్ట్ మ్యూజియం, 165 మీటర్ల పొగగొట్టం మీద థర్మామీటర్ వెలుగుతుంటుంది. సోమవారం మాత్రం వెళ్ళొద్దు, చాలా మ్యూజియంలకి సెలవు.

పప్పుచారు | అక్టోబర్ 21, సాయంత్రం 7:00

పీపుల్స్ పార్కులో శని, ఆదివారాలు పెళ్ళి సంబంధాల సంత జరుగుతుందటగా? గొడుగుల మీద అబ్బాయి ఎత్తు, జీతం, సొంత ఇల్లు ఉందో లేదో రాసిపెట్టి తల్లిదండ్రులు కూర్చుంటారట. మా మేనల్లుడి బయోడేటా పంపమంటారా?

కాకినాడ కాజా | అక్టోబర్ 21, సాయంత్రం 7:20

గోత్రం కాలమ్ ఉండదు, ఇబ్బంది పడతారు.

కృష్ణలంక పిల్ల | డిసెంబర్ 5, రాత్రి 9:10

వచ్చేశాం! బాకీ తీర్చుకుంటున్నా.

మొదటి రోజు దిగగానే చాంగ్‌లే రోడ్డు. మొదటి కొట్టావిడ బట్ట ముట్టుకుని వద్దు పొమ్మంది. రెండో కొట్టులో ఒక పెద్దాయన ఇకత్ విప్పి, లైటు కింద పెట్టి, 'షిన్‌జియాంగ్?' అన్నాడు. నాకు అర్థం కాలేదు. ఫోన్‌లో ఫోటో చూపించాడు: అచ్చం మన ఇకత్ లాంటి సిల్కే, చైనా పడమటి కొసనున్న షిన్‌జియాంగ్‌లో వీగర్ జాతివాళ్ళు నేస్తారట, అట్లస్ అంటారు. కాదు, ఇండియా అన్నాను. మళ్ళీ ఒకసారి బట్ట తిరగేసి చూసి, తలూపి టేపు తీశాడు. కుట్టుకూలి 900 యువాన్లు, అంటే దాదాపు పదకొండు వేలు. మావారికి పదకొండు అని మాత్రమే చెప్పాను, వందలో వేలో ఆయన అడగలేదు.

రెండో రోజు పొద్దున పార్కు. పట్టు చున్నీ, నల్ల కోటు వేసుకుని వెళ్ళానేమో, ఒక పెద్దావిడ చెయ్యి పట్టుకుని డ్యాన్సులోకి లాగేసింది. రెండుసార్లు ఆవిడ కాలు తొక్కాను. తర్వాత ఆకుల్లో నడుచుకుంటూ వూకాంగ్ రోడ్డు. డాక్టరు గారూ, తొమ్మిదికే జాతర మొదలైంది! పక్క సందులోకి తిరిగితే ఎవరూ లేరు. వెదురు కర్రల మీద బట్టలు ఆరేసుకున్నారు, ఒకాయన బుల్లి స్టూలు మీద కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తున్నాడు. నాకు మాన్షన్ కంటే అదే నచ్చింది. 12వ నంబరులో కలకత్తా చూశాను, మెడ పట్టేసింది.

ఇప్పుడు కష్టం. మూడో రోజు కొలత చూడ్డానికి వెళ్తే, సూదీ దారం గారు చెప్పిన గాటు అలాగే ఉంది! ఏటవాలు దగ్గర వజ్రాల డిజైను అర అంగుళం తప్పింది. నాకు ఏడుపొచ్చింది. భాష రాదు, అనువాదం యాప్ నా మాటని ఏం చేసిందో గానీ ఆయన నవ్వాడు. చివరికి వేలితో గీసి చూపించాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసి, ముందు ముక్క మొత్తం విప్పేశాడు. బట్ట మిగలలేదు కాబట్టి పొడుగు రెండంగుళాలు తగ్గింది, గాటు ఉన్నచోట నల్ల సిల్కు పైపింగ్ వేసి, మిగిలిన ముక్కలతో గుండీలు ముడేశాడు. తిరిగొచ్చే ముందు సాయంత్రం ఏడింటికి చేతికొచ్చింది.

అది వేసుకునే ఫెర్రీ ఎక్కాం. చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయి, పైన మావారి జాకెట్, కాబట్టి గౌను ఎవరికీ కనిపించలేదు! నైట్‌షిఫ్ట్ గారూ, మీ 54వ అంతస్తుకి కూడా వెళ్ళాం. వేడిగా ఉంది, అక్కడే కోటు తీశాను. టీ బిల్లు చూశాక మళ్ళీ వేసుకున్నాను.

సూదీ దారం | డిసెంబర్ 5, రాత్రి 9:35

పైపింగ్ మంచి ఆలోచన. నాకు తట్టలేదు, రేపట్నుంచి నేనూ వాడతాను. ఇంటికొచ్చాక నీళ్ళలో పెట్టలేదు కదా? డ్రై వాష్‌కే ఇవ్వండి, పైపింగ్ నలుపు ఇకత్‌లోకి దిగుతుంది. ఫోటో పెట్టండి.

కాకినాడ కాజా | డిసెంబర్ 5, రాత్రి 9:50

పీత?

కృష్ణలంక పిల్ల | డిసెంబర్ 5, రాత్రి 9:58

రెండు రోజులు వరసగా. గౌను కొలతలు ఇచ్చాక తిన్నాను, అదే తప్పు.